విప్పని వస్తువు

ఆ పొద్దున కూడా పాలు తోడుకోలేదు. మెకానిక్ భార్య గిన్నె మూత తీసి అటూ ఇటూ వంచి చూసింది. చలి మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. గిన్నెకి తువ్వాలు చుట్టింది, బియ్యం డబ్బాలో దాచింది, పొయ్యి పక్కన పెట్టింది, చివరికి పాత స్వెట్టరు కూడా తొడిగింది. పాలు మాత్రం పాలలాగే ఉండిపోయాయి, పైగా కాస్త పులిసి.

"ఇక లాభం లేదండీ. పెరుగు మెషీను ఒకటి కొనుక్కుంటాను," అంది.

టీ తాగుతున్న మెకానిక్ నవ్వాడు. "కొనడమేంటి! షాపులో చచ్చిన రైస్ కుక్కర్లు వరసగా పడున్నాయి. ఒకదానికి వేడి తగ్గించి పెట్టానంటే అదే పెరుగు మెషీను. సాయంత్రానికి పట్టుకొస్తా."

"వద్దండీ. కొత్తది కొనుక్కుంటాను. నా లాండ్రీ జీతంలోంచే."

"కొత్తదాంట్లో మాత్రం ఏముంటుందే? అదే తీగ, అదే స్విచ్చి."

అతనిది ఇంటి సామాన్లు బాగుచేసే షాపు. ఇంట్లో ఉన్నవన్నీ ఆ షాపు దయే. మిక్సీ ఒక కంపెనీది, దాని జారు ఇంకో కంపెనీది, మూత ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. ఇస్త్రీపెట్టె, బాగుచేయమని ఇచ్చినవాళ్ళు మళ్ళీ రాకపోతే వచ్చింది. ఫ్రిజ్ తలుపు మోకాలితో ఒక పోటు పొడిస్తేగానీ పడదు. ఎవరైనా వస్తే మెకానిక్ వీటన్నిటినీ తిప్పి చూపించి, "ఈ ఇంట్లో కొన్న వస్తువు ఒక్కటుంటే చూపించండి" అని సవాలు చేసేవాడు. భార్య పక్కన నిలబడి నవ్వేది. నవ్వుతోంది కాబట్టి ఆమెకీ గర్వమే అనుకున్నాడు.

అన్నట్టే సాయంత్రం ఒక కుక్కరు తెచ్చాడు. ఆమె దాన్ని బల్ల కిందికి తోసి, చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "మరిదిగారికి ఫోన్ చేశానండీ. ఆదివారం వచ్చి ఏది మంచిదో చూసి చెప్తానన్నారు."

మరిదిగారంటే ఆమె చెల్లెలి మొగుడు, మెకానిక్‌కి తోడల్లుడు. ఇన్సూరెన్సు ఆఫీసులో పని. బల్బు మార్చమంటే కుర్చీ ఎక్కి, హోల్డరు వంక చూసి, దిగిపోయే రకం. కానీ గొడుగు కొనాలన్నా సరే, ఆ గొడుగు కొన్నవాళ్ళు ఊరూవాడా ఏం రాశారో ఫోనులో చదివిగానీ కొనడు. దాంతో రెండువైపుల చుట్టాలూ ఏం కొనాలన్నా అతన్నే అడుగుతారు. కొన్నది పాడయ్యాక మెకానిక్ దగ్గరికి తెస్తారు. కొనేటప్పుడు తోడల్లుడు, చెడిపోయాక తను. మెకానిక్‌కి ఈ పంపకం ఎప్పట్నుంచో గొంతులో అడ్డం పడి ఉంది. ఇప్పుడది తన వంటింటిదాకా వచ్చింది.

"వాడికేం తెలుసు?" అన్నాడు.

"తెలుసుకుని చెప్తారుగా," అంది ఆమె.

*

ఆదివారం తోడల్లుడూ మరదలూ వచ్చారు. చెప్పులు విప్పుతూనే తోడల్లుడు ఫోను బయటికి తీశాడు. ముగ్గురూ సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు, మధ్యలో మెకానిక్ భార్య. మెకానిక్ కిటికీ దగ్గర ఎవరిదో టేబుల్ ఫ్యాను ముందేసుకుని, సెలవు రోజున అంత అవసరం లేకపోయినా, దాని జాలీ ఊడదీస్తూ కూర్చున్నాడు. చేతులు ఫ్యాను మీద, చెవులు సోఫా మీద.

"ముందు మీరు చెప్పండి వదినా. రోజూ ఎన్ని పాలు తోడేస్తారు?"

"లీటరు దాకా ఉంటాయి మరిదిగారూ."

"అంతా ఒకే గిన్నెలో తోడుకోవాలా? చిన్న చిన్న గ్లాసుల్లో విడివిడిగానా?"

ఆమె ఆలోచనలో పడింది. "గ్లాసులైతే అన్నీ కడుక్కోవాలి, అదో పని. కానీ ఒక గ్లాసు లాండ్రీకి పట్టుకెళ్ళొచ్చు కదా. మధ్యాహ్నం ఆ ఆవిర్ల మధ్య ఇస్త్రీ చేసీ చేసీ నోరు పిడచకట్టుకుపోతుంది. చల్లగా ఓ గ్లాసుడు పెరుగుంటే..."

"అయితే మూతలు బిగుతుగా ఉన్నవి చూద్దాం. పుల్లగా ఇష్టమా, కమ్మగానా?"

"నాకా? కమ్మగా ఉండాలి. చెంచాతో కోస్తే కోసినట్టు నిలబడాలి. ఆయనకి పులుపు కావాలి. అందుకని ఎప్పుడూ పుల్లగానే చేస్తాను."

"ఇన్నేళ్ళూ పుల్లటిదే తింటున్నావా అక్కా? నీకు చిన్నప్పట్నుంచీ పడదుగా!" అంది మరదలు.

"అలవాటైపోయిందిలే."

మెకానిక్ చేతిలోంచి స్క్రూ జారి సోఫా కిందికి దొర్లింది. ఈ సంగతి అతనికి తెలియదు. తెలియనందుకు కాదు, అది తోడల్లుడు అడిగితే బయటపడినందుకు అతని ఒళ్ళు మండింది. అడగాలని తనకెందుకు తోచలేదన్న ప్రశ్న కూడా వచ్చింది కానీ, దాన్ని లోపలికి రాకముందే గుమ్మంలోంచే పంపేశాడు.

"పెరుగు కోసమా, ఉద్యోగం ఇవ్వడానికా, ఇన్ని ప్రశ్నలు!" అన్నాడు స్క్రూ కోసం వంగుతూ.

అందరూ నవ్వారు. తోడల్లుడు అందరికన్నా హాయిగా నవ్వాడు. తర్వాత ఫోను వదిన వైపు తిప్పాడు. "ఇది చూడండి. దీనికి తనంతట తాను ఆగే ఏర్పాటు లేదు. మీరు మర్చిపోతే పులిసిపోతుంది. ఈ రెండోదానికి టైమరుంది, గ్లాసులు ప్లాస్టిక్‌వి. వాసనొస్తుందని ఒకావిడ రాసింది."

"టైమరున్నవి తొందరగా పోతాయి. నా దగ్గరికి వచ్చేవన్నీ అవే," అన్నాడు మెకానిక్. అతని షాపుకి ఇంతవరకూ ఒక్క పెరుగు మెషీనూ వచ్చిన పాపాన పోలేదు.

"అవునా అన్నయ్యా? అయితే గ్యారంటీ ఎక్కువున్నది తీసుకుందాం. మంచి మాట చెప్పారు."

ఆ మర్యాదే మెకానిక్ భరించలేకపోయాడు. ఎదురు మాట్లాడితే నాలుగు తిట్టొచ్చు. మర్యాదని ఏం చేస్తాడు?

సాయంత్రం నలుగురూ బజారుకి వెళ్ళారు. షాపులో అమ్మాయి మెషీన్లన్నీ బల్ల మీద వరసగా పెట్టింది. మెకానిక్ భార్య ఒక్కొక్క మూతా తీసింది, గ్లాసు బయటికి తీసి గోటితో మీటి చూసింది, మళ్ళీ దాని గుంటలో కూర్చోబెట్టి కదులుతుందా అని తట్టింది. తోడల్లుడికి నచ్చింది బోలెడన్ని మీటలున్న నల్లటిది. ఆమె చెయ్యి మాత్రం మాటిమాటికీ తెల్లటిదాని మీదకి పోతోంది. గాజు గ్లాసులు, స్టీలు మూతలు, ముందు వైపు తిప్పడానికి ఒక్కటే మర.

"ఇది బాగుందనిపిస్తోంది. మీరేమంటారు మరిదిగారూ?"

"వాడేది మీరు వదినా. మీ చేతికి ఏది నచ్చితే అదే మంచిది."

ఆమె ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. మెకానిక్ ఆ వెలుగు చూశాడు. అది ఎందుకొచ్చిందో ఆలోచించలేదు, ఎవరి మాటకి వచ్చిందో మాత్రం మనసులో రాసిపెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో డబ్బా ఆమె ఒళ్ళోనే ఉంది. ఇటివ్వు, నేను పట్టుకుంటానని మెకానిక్ అంటే, "ఉండనివ్వండి, బరువేం లేదు" అంది. దారి పొడుగునా చెల్లెలితోనూ మరిదితోనూ మాట్లాడుతూనే ఉంది. మెకానిక్ పైన కడ్డీ పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా వాళ్ళ మీదికి తూలుతూ నిలబడ్డాడు.

*

మొదటి పెరుగు అద్భుతంగా తోడుకుంది. గ్లాసు వంచినా కదల్లేదు. చెంచాతో కోసింది, కోసినట్టే నిలబడింది. ఆమె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చినంత పని చేసి మొగుడికి ఓ గ్లాసు ఇచ్చింది.

"పర్లేదు. పులుపు తక్కువైంది," అన్నాడతను.

ఆమె అప్పటికే ఫోను అందుకుంది. "మరిదిగారూ, ఏం చెప్పమంటారు! మీగడ తరకలా ఉందనుకోండి!" తర్వాత పక్కింటావిడ వచ్చింది. ఆవిడకీ ఓ గ్లాసు. "మా మరిదిగారు దగ్గరుండి చూసిపెట్టారండీ." లాండ్రీకి ఒకటి పట్టుకెళ్ళింది. అక్కడా ఇదే మాట చెప్పి ఉంటుందని మెకానిక్‌కి నమ్మకం. ఇన్నేళ్ళుగా ఆ మిక్సీ గురించి ఎవరికైనా ఫోన్ చేసి చెప్పిందా? ఆ ఇస్త్రీపెట్టె గురించి పక్కింటికి వెళ్ళి చెప్పిందా? షాపులో కూర్చుని అతను ఒక హీటరు తీగ చుడుతూ మనసులో ఇదే చుట్టుకున్నాడు. కడుపులో మంట అంటే ఏమిటో అతనికి ఆ రోజు తెలిసింది, నిజంగానే అజీర్తి అనుకుని సోడా కూడా తాగాడు.

మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చాడు. భార్య లాండ్రీలో ఉంది. గట్టు మీద తెల్లటి మెషీను కడిగి తుడిచి, పైన ఒక చేతిరుమాలు కప్పి ఉంది. ఈ ఇంట్లో దేనికీ రుమాలు కప్పడం అతను చూడలేదు.

ఊరికే లోపల చూద్దామనే విప్పాడు. చవకబారు పని ఏదైనా కనబడకపోదు, అది సాయంత్రం భార్యకి చూపించి, "ఇదీ మీ మరిది ఎంపిక" అనాలి, అంతే. మెషీను బోర్లించి అడుగున రబ్బరు కాళ్ళు గోటితో లేపాడు. స్క్రూలు వాటి కిందే దాక్కుంటాయని వేరే చెప్పక్కర్లేదు. అడుగు రేకు ఊడొచ్చింది. లోపల అంతా పొందిగ్గా ఉంది. తీగలు ఒకదాన్నొకటి తాకకుండా కట్టి ఉన్నాయి, వేడి పట్టీ చుట్టూ సమంగా అతికి ఉంది. వెతికి వెతికి ఒక్క తప్పూ పట్టలేకపోయాడు. దాంతో మంట ఇంకా పెరిగింది.

వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్ మధ్యలో ఉంది. దాని నడినెత్తిన చిన్న స్క్రూ. కొంచెం తిప్పితే చాలు, గ్లాసులు ఉండాల్సినదానికన్నా వేడెక్కుతాయి. పాలు తోడుకునే బదులు విరిగిపోతాయి. అంతకు మించి ఏ నష్టమూ లేదు. మెషీను ఉంటుంది, పాలు మళ్ళీ వస్తాయి. పోయేది ఒకడి పేరు. అతను స్క్రూడ్రైవరు మొన స్క్రూ గాడిలో ఆనించి తిప్పాడు.

ఆ తర్వాత అతని చెయ్యి అతన్ని అడక్కుండానే పనిముట్ల సంచిలోకి వెళ్ళి నెయిల్ పాలిష్ సీసా తీసింది. వేడికీ అదురుకీ స్క్రూ వదులవకుండా, సరిచేసిన ప్రతి స్క్రూ మీదా ఒక ఎర్ర చుక్క పెట్టడం అతని పద్ధతి. గురువు నేర్పింది కాదు, సొంతంగా కనిపెట్టుకున్నది. చుక్క పెట్టాడు, ఊదాడు, ఆరనిచ్చాడు, రేకు బిగించాడు, కాళ్ళు అతికించాడు, రుమాలు కప్పాడు. రుమాలు ముందు ఏ మూలకి ఉందో గుర్తుచేసుకుని అలాగే సర్దాడు కూడా.

*

మర్నాడు పొద్దున గ్లాసుల్లో పైన పచ్చటి నీళ్ళు, అడుగున రవ్వలా ఏదో ముద్ద. మెకానిక్ మంచం మీదే పడుకుని, ఆమె తిట్టుకుంటూ ఫోను తీస్తుందని ఎదురుచూశాడు. ఆమె ఫోను తీయలేదు. గ్లాసులన్నీ వంచేసి, కడిగి బోర్లించింది.

"ఏమైంది?" అన్నాడు లేచి వచ్చి.

"పాలు వేడిగా ఉండగానే తోడేసినట్టున్నాను."

"మెషీనే బాగాలేదేమో. చూసి కొనిపించినవాడు చెప్పాలి మరి."

"మెషీనుకేం, నిన్న బాగానే వచ్చిందిగా. నాదే తొందర."

ఆ సాయంత్రం ఆమె పాలు కాచి, చల్లారేదాకా గట్టు పక్కన నిలబడింది. మాటిమాటికీ చిటికెనవేలు ముంచి చూసుకుంది. తోడు చెంచాడంటే చెంచాడే వేసింది. గ్లాసులు తడి లేకుండా తుడిచింది. మెషీను మూత పెట్టాక కూడా కాసేపు దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. మెకానిక్ గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. ఏదో ఒకటి చెప్పి ఆపాలనిపించింది. కానీ వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు.

పొద్దున మళ్ళీ అదే. పచ్చటి నీళ్ళు, రవ్వ.

ఆమె కుర్చీలో కూలబడింది. "నాకే చేతకావట్లేదండీ. అందరికీ వస్తోందట. మరిదిగారు చూపించారుగా, ఎంతమంది రాశారో, అందరికీ వస్తోంది. జన్మకో కొత్త వస్తువు కొనుక్కున్నాను, అది కూడా నా చేతిలో పడి ఇలా అయింది."

మెకానిక్ అనుకున్నది ఇది కాదు. తోడల్లుడి నెత్తిన వేయాల్సిన బండ తీసుకెళ్ళి తనే భార్య నెత్తిన వేసినట్టయింది. ఆమె ఒక్క మాట ఆ మరిదిని అంటే ఎంత బాగుండును! అనదు. అతని మీద ఈగ వాలనివ్వదు, తనని తాను మాత్రం ఎంతైనా తిట్టుకుంటుంది. ఇది కూడా అతనికి అసూయగానే ఉంది.

"చెల్లి ఫోన్ చేసింది," అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. "మరిదిగారు సాయంత్రం వచ్చి షాపుకి పట్టుకెళ్తారట. వాళ్ళ మెకానిక్ విప్పి చూసి, కొత్తది మార్చిస్తాడట."

మెకానిక్ చెయ్యి చాచాడు. షాపు మెకానిక్ విప్పితే ఎర్ర చుక్క పళ్ళికిలిస్తుంది. "వాళ్ళెందుకు, నేను లేనా? ఇటు తే," అన్నాడు.

"విప్పితే గ్యారంటీ పోతుందండీ."

"గ్యారంటీ ఎవడిక్కావాలి, ఇంట్లో నేనుండగా!"

ఆమె వద్దంటున్నా మెషీను బల్ల మీద బోర్లించేశాడు. ఇంట్లో ఏం విప్పినా టార్చి పట్టేది ఆమే. ఆ పూట కూడా అలవాటుకొద్దీ సొరుగులోంచి టార్చి తీసి పక్కన నిలబడింది. లైటు నేను పట్టుకుంటాలే అందామనుకున్నాడు, కానీ ఎప్పుడూ అనని మాట ఇప్పుడంటే అనుమానం వస్తుంది. కాళ్ళు లేపాడు. స్క్రూలు తీశాడు. ఎడంచేతిని అడ్డం పెట్టి రేకు ఎత్తాడు.

టార్చి వెలుగు అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగింది. సంచిలో నెయిల్ పాలిష్ సీసాకి ఆ పూట ఇంకా మూతే తీయలేదు. స్క్రూ మీద చుక్క మాత్రం ఎర్రగా, గుండ్రంగా, ఎండి, మెరుస్తోంది.

ఆమెకి ఆ చుక్కలు బాగా తెలుసు. మిక్సీ అడుగున ఉన్నవీ, ఇస్త్రీపెట్టె పిడి కింద ఉన్నవీ తుడిచేది ఆమే. అరుస్తుందేమోనని మెకానిక్ తల దించుకుని ఎదురుచూశాడు. టార్చి కొంచెం కూడా కదల్లేదు. "కానివ్వండి, నాకు డ్యూటీ టైమవుతోంది," అంది.

అతను చుక్క గీకి, స్క్రూని వెనక్కి తిప్పాడు. కొత్త చుక్క పెట్టడానికి చెయ్యి రాలేదు.

*

సాయంత్రానికి తోడల్లుడూ మరదలూ వచ్చేసరికి మెషీను మళ్ళీ నడుస్తోంది. పొద్దున్నే పాలు పోసి, మర తిప్పి డ్యూటీకి వెళ్ళింది ఆమె. వచ్చి మూత తీస్తే పెరుగు మొదటి రోజులాగే నిలబడింది.

"బాగైపోయిందా! ఎలా వదినా?"

"మీ అన్నయ్య బాగుచేశారు మరిదిగారూ."

"చూశావా?" అని తోడల్లుడు పెళ్ళాం వైపు తిరిగాడు. "షాపువాళ్ళూ గ్యారంటీలూ ఎందుకు, ఇంట్లో ఇలాంటి చెయ్యి ఉంటే! నేను వంద రాతలు చదివితే ఏం లాభం, అన్నయ్య వేలు పెడితే చాలు. ఇంతకీ ఏమైందన్నయ్యా దానికి?"

ఈ పొగడ్త కోసం మెకానిక్ ఏళ్ళ తరబడి కాచుక్కూర్చున్నాడు. అది తోడల్లుడి నోటినుంచే, అందరి ముందరే, వడ్డించిన విస్తరిలా వచ్చింది. అతను భార్య వైపు చూశాడు. ఆమె గ్లాసులు తుడుస్తోంది. తుడుస్తున్న చెయ్యి ఆగింది. అతనేం చెప్తాడోనని ఆమె ఆగిందని అతనికి తెలుసు.

"స్క్రూ ఒకటి... తయారీలోనే సరిగా పెట్టలేదు," అన్నాడు.

ఆమె చెయ్యి మళ్ళీ కదిలింది. గ్లాసు తుడవడం పూర్తిచేసి మిగతావాటి పక్కన పెట్టింది. పెరుగు గ్లాసులు నలుగురికీ ఇచ్చింది. తిన్నాక మెషీను ప్లగ్గు పీకి, వైరు చుట్టి, తెచ్చి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"ఇది నువ్వు పట్టుకెళ్ళవే."

"అదేంటక్కా! అంత ముచ్చటపడి కొనుక్కుని!"

"ఇప్పుడు బాగా పనిచేస్తోంది. బావగారి చేయి పడింది కదా, ఇక జన్మలో పాడవదు. మీ ఇంట్లోనూ చలికి పెరుగు తోడుకోవట్లేదన్నావుగా. తీసుకెళ్ళు."

నవ్వుతూనే అంది. తోడల్లుడు వద్దన్నాడు, మరదలు వద్దంది, నిజంగానా అని మళ్ళీ అడిగింది, చివరికి తీసుకుంది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

తలుపు వేశాక మెకానిక్ అన్నాడు. "నేనే తిప్పాను."

"తెలుసు."

"ఎందుకని అడగవా?"

"అడిగితే మరిదిగారి పేరు చెప్తారు. మధ్యలో ఆయనేం చేశారు పాపం? నాకేం కావాలో అడిగారు, అంతేగా." ఆమె ఖాళీ గట్టు మీద తడిగుడ్డ వేసి తుడవసాగింది. "రెండు రోజులు నా చేతులే బాగాలేవనుకున్నానండీ. పొద్దున టార్చి వెలుగులో ఆ చుక్క కనబడితే ముందు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య, తప్పు నాది కాదు అనిపించింది. మీమీద కోపం తర్వాతెప్పుడో వచ్చింది."

అతనికి సిగ్గేసింది. "దాన్నెందుకు ఇచ్చేశావ్? బాగుచేశానుగా," అన్నాడు.

"బాగుచేసినవి ఇంటినిండా ఉన్నాయి. నేను ఇంకోటి కొనుక్కుంటాను."

"ఎలాంటిది? చెప్పు, ఈసారి నేను తోడొస్తాను. అన్నీ అడిగి..."

"వద్దు. మిమ్మల్నీ అడగను, మరిదిగారినీ అడగను."

"పోనీ ఏది కొంటావో చెప్పు."

"చెప్పను," అంది ఆమె.

జీతం వచ్చిన రోజు ఆమె లాండ్రీ నుంచి నేరుగా బజారుకి వెళ్ళింది. మెకానిక్ షాపు కట్టేసి వచ్చేసరికి గట్టు మీద కొత్త మెషీను ఉంది. తెల్లటిది కాదు, నల్లటిది కాదు, అతను బజారులో అసలు చూడనిది. లోపల పాలు తోడుకుంటున్నాయి. అతని వేళ్ళు జివ్వుమన్నాయి. అయినా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని దాని చుట్టూ తిరిగాడు. తోడల్లుడు చూసిపెట్టి ఉంటే వాడి మీద కుళ్ళుకుంటూ హాయిగా ఉండేవాడు. ఇప్పుడు కుళ్ళుకోవడానికి కూడా ఎవరూ లేరు, ఆమె తప్ప.

పొద్దున ఆమె మూత తీసి ఒక గ్లాసు అందుకుంది. మెకానిక్ తన చెంచా పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె నిలబడే చెంచాతో కోసి, నోట్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా తింది.

"కమ్మగా ఉంది," అంది. అది అతనితో అన్న మాట కాదు.